నూనెలో నానిన రబ్బరు గొట్టం

మా ఇంట్లో మనుషులు ఎండిపోతే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు గానీ తోలు ఎండితే మాత్రం ఊరుకునేవాళ్ళు కాదు. మాది కపిల తోళ్ళు కుట్టే ఇల్లు. నందికొట్కూరు చుట్టుపక్కల పల్లెల్లో అప్పట్లో తోట సేద్యమంతా కపిల బావుల మీదే నడిచేది. ఎద్దులు మోకు లాగుతూ పల్లంలోకి నడిస్తే బావిలోంచి నీళ్ళు నిండిన పెద్ద తోలు తిత్తి పైకొస్తుంది. దాని అడుగున మెత్తటి తోలు తొండం ఒకటి ఉంటుంది. నీళ్ళు కాలవలో పడేది అందులోంచే. ఆ తొండం ఎండితే బిరుసెక్కుతుంది, బిరుసెక్కితే మడత దగ్గర పగులుతుంది. పగిలిందంటే ఎద్దులు పొద్దంతా నడిచినా చేను తడవదు. అందుకని మా పనిలో సగం కుట్టడం, సగం నూనె పట్టించడం.

నూనె పట్టించడంలో నాయనను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. కొడుకునని చెప్పడం లేదు, రైతులే చెప్పేవాళ్ళు. ఆముదం గోరువెచ్చగా చేసి అరచేత్తో రుద్దేవాడు. గుడ్డతో రాయనిచ్చేవాడు కాదు. రుద్దాక బొటనవేలితో నొక్కి చూసేవాడు. వేలి గుర్తు పడి మెల్లగా మానిపోతే ఆ తోలు ఇంకా పనికొస్తుందని లెక్క. ఎండి గట్టిపడిన పాత తొండాలను ఏకంగా నూనె తొట్టిలో నానేసేవాడు. మూడు రోజుల తర్వాత బయటికి తీస్తే పసిబిడ్డ చెవిలాగా మెత్తగా వంగేవి. నాకు నడక వచ్చినప్పటి నుంచి చూసింది అదే. ఏదైనా ఎండితే నూనె, బిరుసెక్కితే నూనె, ఇంకా మొండికేస్తే నానేయడం. ఈ ఒక్క ముక్క నాకు బాగా వచ్చు, అదే మా కొంప ముంచింది.

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో నాయనకు ఒంటికి పోవడం ఆగిపోయింది. అప్పటికి నాకు ఇరవై నాలుగేళ్ళు. ఆయన సిగ్గుపడి రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు పొద్దున కుడుతున్న తోలు పక్కన పడేసి గోడకానుకుని కూర్చున్నాడు. పొత్తికడుపు ఉబ్బి రాయిలా ఉంది. అమ్మ జీలకర్ర నీళ్ళు తాగించింది, వేడినీళ్ళ కాపడం పెట్టింది. దేనికీ దిగకపోతే నేను కర్నూలు బస్సెక్కించాను. గుంత వచ్చినప్పుడల్లా నాయన నా మోకాలిని పట్టుకునేవాడు.

కర్నూలంతా అప్పుడు తిరనాళ్ళలా ఉంది. ఖాళీ జాగాల్లో గుడారాలు, గుడారాల్లో ఆఫీసులు, ఫైళ్ళు పట్టుకుని తిరిగే కోస్తా గుమాస్తాలు. ఆసుపత్రి వరండాలో కాలు పెట్టే సందు లేదు. డాక్టరు నాయన కడుపు మీద చెయ్యి వేసిన మరుక్షణం కాంపౌండరును పిలిచాడు. ఆయన ఒక ముసలి సాయిబు, గడ్డం తెల్లగా, చేతులు శుభ్రంగా ఉన్నాయి. వేడినీళ్ళ గిన్నెలోంచి ఎర్రటి రబ్బరు గొట్టం ఒకటి పట్టకారుతో తీశాడు. చిటికెన వేలి కంటే సన్నం, జానెడున్నర పొడవు. ఒక కొస మూసుకుని గుండ్రంగా ఉంది, ఆ కొసకు కాస్త పక్కగా కన్నం. దానికి సీసాలోంచి ఏదో చిక్కటి నీళ్ళలాంటిది రాశాడు. నాయన కళ్ళు మూసుకున్నాడు. ఆ తర్వాత రేకు తట్టలో ధార పడిన చప్పుడు వినగానే నాకు ఏడుపొచ్చింది. నాయన ముఖం అంతలోనే మామూలు మనిషి ముఖం అయిపోయింది.

లోపల గ్రంథి వాచిందనీ, కోసి తీయాలనీ, కానీ ఇప్పుడున్న గుండెతో మత్తుమందు తట్టుకోలేడనీ డాక్టరు చెప్పాడు. చలికాలం దాకా మందులు వాడి చూద్దామన్నాడు. అందాక రోజుకు మూడుసార్లు ఆ గొట్టంతోనే తీయాలి. రోజూ కర్నూలు రాలేం కదా. ఎవరో ఒకరు నేర్చుకోవాలి. నాయన చేతులు అప్పటికే వణుకుతున్నాయి, సూదిలో దారం కూడా నేనే ఎక్కించేవాణ్ణి. కాబట్టి నేనే నేర్చుకున్నాను. కన్నతండ్రిని అక్కడ పట్టుకోవడానికి మొదటిరోజు నాకు చేతులు ఆడలేదు. సాయిబు నన్ను కసిరాడు.

"సిగ్గు పడేదానికి ఇది పెండ్లి చూపులు కాదు. నువ్వు చిన్నప్పుడు మీ నాయన నీ గుడ్డలు ఉతికినాడు. ఇప్పుడు నీ వంతు."

నాలుగు రోజుల్లో నాకు పని పట్టుబడింది. చేతి పని చేసేవాణ్ణి, అందులో ఆశ్చర్యం ఏముంది. గొట్టం ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఒక్క క్షణం ఓపిక పట్టాలో, ఎక్కడ తనంతట తానే లోపలికి జారుతుందో నా వేళ్ళకు తెలిసిపోయింది. ఇంటికి పంపేటప్పుడు సాయిబు రెండు గొట్టాలు, ఒక సీసా ఇచ్చాడు. సీసాలో ఉన్నది గ్లిజరిన్. వాడాక సబ్బుతో కడగాలి, మళ్ళీ వాడేముందు ఉడకబెట్టాలి, ఆరినాక పౌడరు చల్లి రేకు డబ్బీలో పెట్టాలి, ఎండ తగలనీయకూడదు.

"గ్లిజరిన్ తప్ప ఇంకేమీ పూయొద్దు. అది అయిపోతే నా దగ్గరికి రా. మీరు తోలు పనోళ్ళు కదా, అందుకని చెప్తాండా. ఇది తోలు కాదు, యాదుంచుకో."

ఎందుకు పూయకూడదో ఆయన చెప్పలేదు. చెప్పి ఉంటే వినేవాణ్ణా? ఆ వయసులో ఇంకొకడు నాకు తోలు గురించి చెప్పడమే నాకు నచ్చలేదు.

చాలా నెలలు బాగానే గడిచాయి. నాయన మళ్ళీ కత్తి పట్టుకోలేదు గానీ పక్కన కూర్చుని నేను కుట్టే కుట్లకు వంకలు పెట్టేంత కోలుకున్నాడు. చలికాలంలో డాక్టరు మళ్ళీ చూసి గుండె ఇంకా బలహీనంగానే ఉందనీ, మరో ఏడాది చూద్దామనీ అన్నాడు. సాయిబు ఇంకో సీసా ఇచ్చాడు. నాయన ఆ గొట్టాన్ని వేళ్ళ మధ్య తిప్పి చూస్తూ, "యాడిదిరా ఈ సరుకు" అనేవాడు. చెట్టు పాలతో చేస్తారని సాయిబు చెప్పిన సంగతి చెబితే నమ్మలేదు. "చెట్టు పాలు ఇట్ల సాగుతాయా? మన జిల్లేడు పాలు సాగుతాయేమి?" అని నవ్వాడు.

ఉగాది దాటేసరికి రెండో సీసా కూడా అయిపోయింది. ఎండలు ముదిరాయి, బావుల్లో నీళ్ళు అడుగంటాయి, ఊళ్ళో ప్రతి తొండమూ పగలడం మొదలైంది. తెల్లారేసరికి గుమ్మంలో ఇద్దరు ముగ్గురు రైతులు నిలబడి ఉండేవాళ్ళు. నందికొట్కూరు మందుల షాపులో అడిగితే గ్లిజరిన్ లేదు, వచ్చే వారం వస్తుందన్నారు. కర్నూలు ఇరవై మైళ్ళు. ఒక్కపూట పని మానుకుంటే పోయి రావచ్చు. ఆ ఒక్కపూట నేను మానుకోలేదు. ఈ ముక్క ఎన్నిసార్లు తల్చుకున్నా నాకు నామీద రోతే పుడుతుంది.

మొదట ఉత్త నీళ్ళతో ప్రయత్నించాను. తడి ఉన్నంతసేపు రబ్బరు బాగానే జారింది. రెండంగుళాలు పోయేసరికి తడి పలచబడి ఎక్కడిదక్కడ పట్టేసింది. ముందుకు తోస్తే గొట్టం వంగుతోంది గానీ కదలదు, వెనక్కి లాగితే చర్మాన్ని కూడా లాక్కొస్తుంది. ఆ పట్టు నాకు తెలిసిందే. ఆ రోజుల్లోనే కొత్తగా వచ్చిన టైరు చెప్పులు తడి బండ మీద జర్రున జారేవి, బండ ఆరుతుంటే అదే చెప్పు అడుగు తీయనిచ్చేది కాదు. తర్వాత సబ్బు నురగ పూశాను. జారింది గానీ నాయన తువ్వాలు నోట్లో కుక్కుకున్నాడు. లోపల మంట. సాయంత్రం దాకా తగ్గలేదు.

మర్నాడు పొద్దున బుడ్డల నూనె తీశాను. మా చేని వేరుశనగ బుడ్డలే, గానుగలో ఆడించిన నూనె. ఇంట్లో ఆముదం కూడా ఉంది. కానీ ఆముదం తోళ్ళకు పట్టించేది, దాన్ని నాయన ఒంట్లోకి ఎలా పంపుతాం అనుకున్నాను. బుడ్డల నూనె అయితే రోజూ తినేదే కదా, చెడు చెయ్యదు. కాచి చల్లార్చి పలచగా రాశాను. గొట్టం ఎక్కడా ఆగలేదు, గ్లిజరిన్ కంటే మేలుగా పోయింది. నాయన కళ్ళు తెరిచి ఆశ్చర్యంగా చూశాడు.

"ఏం పూసినావురా?"

"బుడ్డల నూనె."

"శానా నయముండాది."

నాకు ఎంత గర్వం కలిగిందో చెప్పలేను. ఆసుపత్రి వాళ్ళకు తెలియనిది నేను కనుక్కున్నాననిపించింది. పైపైన రాస్తేనే ఇంత మేలు చేస్తే నానేస్తే ఇంకెంత చేస్తుంది? రేకు డబ్బీ అవతల పారేశాను. ఒక చిన్న జాడీలో నూనె పోసి రెండు గొట్టాలనూ అందులో చుట్టగా వేశాను. వాడేముందు తీసి, తుడిచి, వేడినీళ్ళలో ముంచి, మళ్ళీ నూనె రాసేవాణ్ణి. ఉడకబెడితే పెట్టిన నూనె పోతుందని ఉడకబెట్టడం మానేశాను. తోలుకు నేను చేసే మర్యాదంతా దానికి చేశాను.

నెల రోజుల్లో గొట్టాలు మెత్తబడ్డాయి. సంతోషించాను. మా పనిలో మెత్తబడడమంటే బాగుపడడమే. కొన్నాళ్ళకు నాయన అన్నాడు:

"లావైనట్టుండాదిరా. ముందు మాదిరి లేదు."

"నీకట్ల అనిపిస్తాది. అదే గొట్టం."

"నా ఒళ్ళు నాకు తెలీదా?"

"నాకు తెలీదా, రోజుకు మూడుసార్లు పట్టుకునేది నేను" అని విసుక్కున్నాను. నిజానికి లావైన సంగతి నా వేళ్ళకూ తెలుసు. నూనె తాగిన తోలు కూడా కొంచెం ఉబ్బుతుంది, అది ఆరోగ్యం అనుకున్నాను. ఇంకొన్నాళ్ళకు జాడీలోంచి తీసేటప్పుడు చుట్టలు ఒకదానికొకటి అంటుకుని ఉండేవి, మెల్లగా ఊడదీయాల్సి వచ్చేది. తుడిచినా వేళ్ళకు బంకగా తగిలేది. వేలితో నొక్కితే గుర్తు పడేది గానీ మానేది కాదు. నాయన ఆ పని చేసి ఉంటే ఒక్క క్షణంలో కనిపెట్టేవాడు, కానీ గొట్టాన్ని ఆయన చేతికి ఇవ్వడం నేను ఎప్పుడో మానేశాను. బంకగా ఉందంటే నూనె చాలలేదని అర్థం చేసుకున్నాను. ఇంకా పోశాను.

అది బుధవారం, పొద్దున పది గంటలవేళ. అమ్మ చేనికి పోయింది. లోపలికి పోవడమే కష్టమైంది ఆ రోజు, గొట్టం మాటిమాటికీ చేతిలోనే వంగిపోయింది. ఎలాగో పోయింది, తట్టలో కొంచెం పడింది. ఇక తీద్దామని మెల్లగా లాగాను. చేతిలో ఉన్నంత మేరా వస్తోంది గానీ లోపల ఉన్నది కదలడం లేదు. బెల్లం పాకం సాగినట్టు నా వేళ్ళ మధ్య సన్నబడుతోంది. ఆపాలని తెలుస్తూనే ఉంది. చెయ్యి మాత్రం ఆగలేదు. చప్పుడేమీ లేకుండా నా చేతిలోకి వచ్చేసింది. చూస్తే నాలుగు వేళ్ళ పొడవు తక్కువ. గుండ్రటి కొస లేదు.

"వచ్చిందా?" అన్నాడు నాయన.

"వచ్చింది" అన్నాను.

ఆయన గొట్టం వంక చూడలేదు. నా ముఖం చూశాడు. పంచె సర్దుకున్నాడు.

"మధ్యాన్నం బస్సు ఎన్ని గంటలకో కనుక్కో పో. డాక్టరుకు ఒకసారి చూపిచ్చుకుందాం, శానా దినాలైంది."

కర్నూలు చేరేసరికి ఆయనకు చలి మొదలైంది. అంత ఎండలో పళ్ళు కొట్టుకుంటుంటే నా తువ్వాలు కప్పాను. తెగిన గొట్టం నా జేబులో గుడ్డలో చుట్టి ఉంది. వరండాలో బల్ల మీద పడుకోబెట్టి, కొస లోపలే తెగిపోయిందని చెప్పాక డాక్టరు దాన్ని అడిగి తీసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ మధ్య నొక్కాడు. వేళ్ళు విడదీస్తే అవి దానికి అంటుకుని వచ్చాయి. వాసన చూశాడు.

"దీన్ని దేంట్లో పెట్టారయ్యా? ఎవరు చేశారీ పని?"

నేను నోరు తెరిచాను. మాట బయటికి రావడానికి ముందే బల్ల మీద నుంచి నాయన గొంతు వినిపించింది.

"నేనే సామీ. నూనెలో నానేసినా. పిల్లోడు వద్దంటానే ఉన్న్యాడు, నేనే ఇనలే. తోలోణ్ణి కదా, నా బుద్ధి అంతేడ్సింది."

డాక్టరుకు కోపం ఆగలేదు. అంతమందిలో ఆయన్ను తిట్టాడు. ప్రాణం మీద ఆశ లేదా అన్నాడు, కొడుక్కున్న తెలివి కూడా నీకు లేదే అన్నాడు. నాయన పడుకునే చేతులు జోడించాడు. ఆ జోడించిన చేతులు ఎంతగా వణుకుతున్నాయో వరండాలో అందరికీ కనిపిస్తోంది. ఆ చేతులతో గొట్టం పట్టుకోవడం సాధ్యం కాదని అక్కడ తెలిసినవాడు ఒక్కడే, నాకు పని నేర్పిన సాయిబు. ఆయన నా వైపు చూశాడు. నేను తలదించుకున్నాను. సాయిబు మెల్లగా నాయన చేతులు కిందికి దించాడు.

మర్నాడు కడుపు కోసి ఆ ముక్క తీశారు. గుండె తట్టుకుంది, అందరూ భయపడిన గుండె. తట్టుకోలేనిది జ్వరం. నాలుగు రోజులు ఒళ్ళు కాలిపోయింది. అమ్మ వచ్చి మంచం పక్కనే కూర్చుంది కాబట్టి మేమిద్దరం ఒంటరిగా ఉన్నది చాలా తక్కువ. ఒక్కసారి అమ్మ నీళ్ళకు పోయినప్పుడు నేను మంచం దగ్గర వంగి, "నాయనా, నేను చెప్పేస్తా" అన్నాను. ఆయన కళ్ళు తెరవకుండానే తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు ఈ పల్లెల్ల బతకాల. నీ చేతి మీద నమ్మకం పోతే ఎవరు తోలిస్తారు నీకు? ఊరికే ఉండు."

ఐదో రోజు పొద్దున పోయాడు. శవాన్ని బండికెక్కిస్తుంటే సాయిబు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఇంటికి పొయినాక మీ అమ్మకు నిజం చెప్పు. పెద్దాయన చెప్పొద్దన్నా సరే, చెప్పు. ల్యాకుంటే అది నిన్ను తింటాది" అన్నాడు. చెబుతానని తలూపాను.

నాయన నా కోసం కాపాడిన పని నాకు మూడేళ్ళు కూడా నిలవలేదు. బావుల మీదికి ఆయిలింజన్లు వచ్చాయి, కపిలలు మూలపడ్డాయి. కడపకు పోయి పాత టైర్లకు కొత్త రబ్బరు అతికించే షాపులో చేరాను. అక్కడ ముసలి మేస్త్రీ మొదటిరోజే చెప్పాడు, నూనె చేత్తో రబ్బరును తాకొద్దని. తోలు లోపల సందుల్లో నూనె నిలిచి దాన్ని కాపాడుతుందట. రబ్బరు మాత్రం నూనెను తన ఒంట్లోకే పీల్చుకుని, ఉబ్బి, బలం పోయి జిగురవుతుందట. అన్ని నూనెలూ అంతేనా అని అడిగాను. దాదాపు అన్నీ అంతే, ఆముదం మాత్రం పెద్దగా చెరపదు అన్నాడు. ఆ పూట అన్నం తినలేకపోయాను. ఆముదం మా ఇంట్లో తొట్టెడు ఉండేది.

అమ్మకు నేను చెప్పలేదు. మొదట దినాలు కానీ అనుకున్నాను, తర్వాత ఏడాది తిరగనీ అనుకున్నాను. ఆమె మాత్రం డాక్టరు అన్న మాటలే నమ్మింది, నాయన స్వయంగా ఒప్పుకున్నాడని ఎవరో చెప్పారు కూడా. ఏటా పెద్దలకు పెట్టే రోజున విస్తరి ముందు కూర్చుని ఆయన్ను తిట్టేది. "మొండోడు. కొడుకు బంగారట్ల చూసుకుంటాంటే ఇనకుండా సచ్చినాడు. వాని మాట ఇనింటే ఇంకా పదేండ్లు బతికేటోడు" అనేది. ఊళ్ళో ఎవరు వచ్చినా అదే చెప్పి, నన్ను చూపించి, కొడుకంటే వీడు అనేది. ఆఖరికి ఆయన మీద కోపంతోనే చనిపోయింది. పైకి పోయినాక అడుగుతా ఆయప్పను, నా కొడుకు మాట ఎందుకు ఇనలేదని, అంది నా చెయ్యి పట్టుకుని. నేను ఆ చెయ్యి నిమురుతూ కూర్చున్నాను.